బీడీ తాగని వాడి సాక్ష్యం

నా పేరు యేసుప్రసాద్. కర్నూల్లో ఓ పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా గ్యాస్ పని చేస్తున్నాను. లోపల గ్యాస్ పట్టడం, బయటికొచ్చి గ్యాస్ కొట్టడం. మొత్తానికి నాది గాలి బతుకు. ఈ మాట ఇప్పటికి వెయ్యిసార్లు చెప్పి ఉంటాను, వెయ్యిసార్లూ అందరికంటే ముందు నేనే నవ్వి ఉంటాను.

గ్యాస్ పని అంటే వంట గ్యాస్ కాదు. ఆపరేషన్ల కత్తులూ కత్తెరలూ ఆవిరిలో ఉడకబెడితే శుద్ధి అవుతాయి. ప్లాస్టిక్ గొట్టాలనూ సన్న వైర్లనూ అలా ఉడకబెడితే కరిగిపోతాయి. అందుకని వాటికి ఒక గ్యాస్ పెడతారు. ఇథిలీన్ ఆక్సైడ్ అని దాని పేరు. "ఇథిలీన్ అంటే ఏంది అనుకుంటాండారు? ఇది లేనిదే ఆపరేషన్ ల్యా" అని కొత్తగా చేరిన నర్సులకు పాఠం చెప్పేవాణ్ణి. బీరువా లాంటి యంత్రంలో సామాను సర్ది, తలుపు బిగించి గ్యాస్ వదలాలి. అయిన తర్వాత పన్నెండు గంటలు గాలి ఆడే అరలో ఆరబెట్టాలి. ప్లాస్టిక్‌కు పట్టిన విషం అప్పుడు దిగుతుంది. ఇదంతా గోడ మీద అట్టకు అంటించి ఉంది. ఆరబెట్టే అర మాత్రం చెడిపోయి రెండేళ్లయింది. గదిలో గాలిని బయటికి లాగే ఫ్యాను ఏడాదికొకసారి, తనిఖీ వాళ్లొచ్చిన రోజున తిరుగుతుంది. పై అంతస్తు నుంచి డాక్టర్లు గొట్టాలు కావాలని ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు. మేం గ్యాస్ వదిలిన నాలుగు గంటలకే తలుపు తెరిచి, బాణలిలోంచి బజ్జీలు తీసినట్టు వేడివేడిగా తీసి పంపేవాళ్లం.

మేం అంటే నేనూ, నా కూతురు నిస్సీ. డిప్లొమా చదివి, తన మార్కులతో తనే సంపాదించుకున్న ఉద్యోగం. నేను సిఫారసు చేసి ఉంటే కచ్చితంగా వచ్చేది కాదు. అల్లుడు అరుణ్ కుమార్ కల్లూరు దారిలో షేర్ ఆటో నడుపుతాడు. పెళ్లయి నాలుగేళ్లు. రెండుసార్లు మూడో నెల నిండకుండానే నిస్సీకి కడుపు పోయింది. రెండోది మొన్న ఫిబ్రవరిలో. అత్త గిడ్డమ్మ తిట్టే మనిషి కాదు. కంచంలో అన్నం పెడుతూ, "మా వంశంలో ఇట్లాంటివి యాడా ల్యామ్మా" అంటుంది, అంతే. మా గది తలుపు మీద స్టెరిలైజేషన్ అని రాసి ఉంటుంది. అది చూపించి, "ఈడ కుటుంబ నియంత్రణ గూడా చేస్తాం" అనే జోకు ఒకటి ఉండేది నా దగ్గర. మొదటిసారి తర్వాత దాన్ని మానుకున్నాను.

ఆ ఏప్రిల్లో యూనివర్సిటీ నుంచి ఒక మేడం వచ్చింది. సన్న గొంతు, లావు కళ్లద్దాలు. ఆసుపత్రుల్లో రసాయనాల మధ్య పనిచేసేవాళ్ల జన్యువులు ఎలా ఉన్నాయో పరీక్ష చేస్తుందట. ఐస్‌క్రీము పుల్ల లాంటిదానితో మా చెంపల లోపల గోకి గాజు పలకల మీద పూసింది.

"మీ జీన్స్ చూస్తామండీ" అంది.

"నేను జీన్సు ఏసే మనిషిని కాదు మేడం. అంతా టెర్లిన్ ప్యాంటులే."

"నాయనా, గమ్మునుండు" అంది నిస్సీ.

తర్వాత ప్రశ్నలు. బీడీ? లేదు. సిగరెట్? లేదు. మందు? లేదు. గుట్కా? లేదు.

"ఏ అలవాటూ లేదా?" అంది మేడం తలెత్తి.

"జోకులుండాయి మేడం. మానల్యాకపోతాండా."

ఆమె నవ్వి, 'అలవాట్లు లేవు' అని రాసుకుంది. అది అక్షరాలా నిజం. పదో తరగతిలో హాస్టల్ గోడ వెనక ఒక్క దమ్ము లాగి, కక్కుకుని, కళ్లు తిరిగి పడిపోయాను. ఆ బీడీ ఇచ్చినవాడే నన్ను భుజాన వేసుకుని వార్డెన్ దగ్గరికి మోసుకెళ్లాడు. వాడి పేరు జయరాజ్. ఇప్పుడు మా ఆసుపత్రిలో పరిపాలన అధికారి, మా చర్చిలో సంఘ పెద్ద. వరండాలో నేను వాణ్ణి సార్ అంటాను. వరండా దాటితే ఒరే అంటాను.

ఈస్టర్ వెళ్లిన రెండో ఆదివారం మా చర్చిలో సాక్ష్యాలు చెబుతారు. ఒక్కొక్కరు లేచి, తాము ఎంత పాపులుగా ఉండేవాళ్లో, దేవుడు తమను ఎలా మార్చాడో చెప్పాలి. ఇందులో పాపానిదే గిరాకీ. లారీ తోలి, జైలు చూసి, మారిన లేవి లేచాడంటే జనం ముందుకు జరుగుతారు. నేను లేస్తే వెనక్కి వాలతారు. తాత చర్చిలో ఉపదేశి, నాయన బడిపంతులు. ఇద్దరూ కలిసి నాకు పాపం చేసే సందే ఇవ్వలేదు.

ఆ ఉదయం చెప్పులు విడుస్తుంటే జయరాజ్ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఏమప్పా ప్రసాదూ, నీ సాక్ష్యం జరమొచ్చినోని గంజి మాదిరుంటాది. ఈసారన్నా రవ్వంత కారం యెయ్యి. ఫోన్లల్లో లైవు పోతాది, చూసేవాళ్లుండాల గదా."

వేశాను.

"రోజుకు మూడు కట్టల బీడీలు తాగేటోణ్ణి. అగ్గిపుల్ల దండగని ఒకదాంతో ఒకటి అంటించేది. మా వీధికి దోమలు రావడం ఇడిసిపెట్టినాయి" అన్నాను. చర్చి నవ్వింది. అక్కడితో ఆపవలసింది. కానీ ఆడవాళ్ల వైపు, నా భార్య రెజీనా పక్కన, నిస్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఫిబ్రవరి తర్వాత దాని పళ్లు చూడడం నాకు అదే మొదటిసారి. ఇంక నేనెక్కడ ఆగుతాను? సారా అంగడి తెరిచాను. "తాగి మైదుకూరు బస్సెక్కి కూచున్నా. ఎంతసేపున్నా కదల్యా. టికెట్టు టికెట్టని నేనే అరుస్తాండా. తెల్లారి చూస్తే అది బస్సు గాదు, బస్టాండులో బెంచీ!" నిస్సీ భుజాలు ఊగిపోతున్నాయి. అది ఇంకొక్క నిమిషం నవ్వుతుందంటే నేను హత్య కూడా ఒప్పుకునేవాణ్ణి. తొమ్మిది నిమిషాలు మాట్లాడాను. ముందు వరసలో జయరాజ్ చేతిరుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వాడు. అదంతా కల్ల అని అందరికంటే బాగా తెలిసినవాడు వాడే.

దారిలో రెజీనా అడిగింది. "దేవుని ఎదుటనే అబద్ధాలాడతావా?"

"ఆయనకు తెల్సులే మే. ఆయన గూడా నగే ఉంటాడు."

మే నెల మూడో వారంలో, బండి సీటు మీద కూర్చుంటే చర్మం ఊడొచ్చే ఎండలో, మేడం మళ్లీ వచ్చింది. మమ్మల్నిద్దర్నీ ల్యాబుకు పిలిచి మైక్రోస్కోపులో నా కణాన్ని చూపించింది. గుండ్రటి పెద్ద గింజ, దాని పక్కన చిన్న నలుసు.

"కణం రెండుగా చీలేటప్పుడు తెగి బయటపడిపోయిన ముక్క అది. ఆఫీసులో పనిచేసేవాళ్లలో వెయ్యి కణాలు చూస్తే ఒకటో రెండో కనిపించాయి. మీకు పద్నాలుగు. మీ అమ్మాయికి పదకొండు."

"దీనికి మందు?" అన్నాను.

"ఇది రోగం కాదండీ. రోగాలకు తలుపు గడియ తీసినట్టు. ఆ గ్యాస్‌తో పనిచేసే ఆడవాళ్లకు కడుపులు పోవడం ఎక్కువని ఎప్పటినుంచో అంటున్నారు. మీ అమ్మాయికి దానివల్లే పోయిందని నేను ఒట్టు వేసి చెప్పలేను. గది బాగు చెయ్యాలనీ, అంతవరకు ఈమెను అక్కడ ఉంచకూడదనీ మాత్రం రాసి ఇస్తాను."

నాకు జోకు తట్టలేదు. పక్కకు చూస్తే నిస్సీ ఏడుస్తోంది. భయపడింది అనుకున్నాను.

"అయితే తప్పు నాది కాదు గదా నాయనా" అంది. "ఆ కాగితం మా అత్తకు చూపిస్తా."

చూపించింది కూడా. గిడ్డమ్మ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివించుకుని, ఆ పూట నిస్సీ కంచంలో అన్నం వడ్డించి ఊరుకుందట. వంశం మాట ఎత్తలేదట.

మేడం రిపోర్టు మీద ఆసుపత్రి ఒక కమిటీ వేసింది. కమిటీ అంటే కమ్మటి టీ తాగి లేచేదని మా స్టాఫు రూములో నేనే వ్యాఖ్యానం చెప్పాను. జూన్ మొదటి వారంలో నన్ను పిలిచారు. బల్లకు అటువైపు ముగ్గురు డాక్టర్లు, చివర కాగితాలతో జయరాజ్. నన్ను కూర్చోమన్నారు. జయరాజ్ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

అందులో నేనే. మూడు కట్టల బీడీలు, దోమలు, మైదుకూరు బస్సు. చర్చిలో జనం నవ్వు. గదిలో ఎవరూ నవ్వలేదు. నా జోకు నవ్వు లేకుండా వినడం అదే మొదటిసారి. తొమ్మిది నిమిషాలూ పెట్టారు.

"అలవాట్లు లేవని యూనివర్సిటీ వాళ్లతో రాయించారు" అన్నాడు పెద్ద డాక్టరు. "పొగా మందూ కూడా కణాలను పాడు చేస్తాయి. తెలుసు కదా?"

"అదంతా ఉత్తిది సార్. నగించేదానికి చెప్పినా."

"చర్చిలో అబద్ధం చెప్పి, ఇక్కడికొచ్చి నిజం చెబుతున్నారా?"

"జయరాజ్ సార్‌ని అడగండి. చిన్నప్పుడు ఒక్క దమ్ముకే పడిపోతే ఆయనే నన్ను మోసినాడు. ఆయనకు తెల్సు."

అందరూ అటు చూశారు. జయరాజ్ పెన్నుకు మూత పెట్టాడు. మళ్లీ తీశాడు.

"ఉద్యోగుల వ్యక్తిగత అలవాట్ల గురించి నాకు తెలియదు సార్" అన్నాడు. ఆ మాటలో మా సీమ యాస కూడా లేదు.

టీ వచ్చింది. తాగాను.

ఇంటికి వెళ్తే రెజీనా గుమ్మంలోనే నిలబడి ఉంది. "నిస్సీకి నెల తప్పింది. ఇప్పుడే చూపించుకొచ్చినాం" అంది. లోపల నిస్సీ మంచం మీద కూర్చుని సెలవు చీటీ రాసుకుంటోంది. పది రోజులకు మించి సెలవు ఇవ్వరు. తర్వాత ఆ గదికే తిరిగి రావాలి, లేదంటే రాజీనామా.

"రాజీనామానే ఇస్తా" అంది. "మల్లా ఆ గదిలో కాలు పెట్టను. కానీ ఒకటి నాయనా, వాళ్లు ఏ కాగితమిచ్చినా నువ్వు సంతకం పెట్టాకు. రిపోర్టులో ఆ గది పేరు ఉండాల. నాకు అంతే కావాల."

"అట్లనే లేమ్మా" అన్నాను.

నిస్సీ సెలవు తొమ్మిదో రోజున జయరాజ్ తన గదికి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద ఆర్డరు కాగితం ఉంది. నిస్సీకి సోమవారం నుంచి కింద బిల్లింగ్ కౌంటరు. అదే హోదా. ఏసీ.

"నా చేత్తో టైపు చేయించినాప్పా" అన్నాడు. "ఆరేళ్లు చేసిన ఉద్యోగం, ఆ పాప యాల ఇడిసిపెట్టాల? నీకు పాత అలవాట్లుండేవని ఒక్క ముక్క ఒప్పుకో. కమిటీ ఫైలు మూస్తాది, పాప కిందికొస్తాది."

"నేను తాగల్యాదని నీకు తెల్సు గదరా."

"తెల్సు" అన్నాడు జయరాజ్ వెంటనే. "నాకు తెల్సు, దేవునికి తెల్సు. ఆ కాగితానికి తెల్సాల్సిన పనేముండాది?"

మొదటి పేజీ చదివాను. రోజుకు మూడు కట్టలు, సారా, అన్నీ నా మాటలే, ఇంగ్లీషులో. పోయేది నా పరువు, అదీ ఎప్పుడో నేనే జోకుల కింద ఖర్చు చేసుకున్నది. నిస్సీ అన్న మాట గుర్తుంది. కానీ పిల్ల ఉద్యోగం పోగొట్టుకుని ఇంట్లో కూర్చోవడం, గిడ్డమ్మ వడ్డించే అన్నం, కళ్ల ముందు కనబడ్డాయి. పెన్ను తీశాను.

"ఆగు, ప్రార్థన చేసి పెడుదువు" అన్నాడు జయరాజ్.

ఏ పని మొదలుపెట్టినా మాకది ఆనవాయితీ. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. వాడు నిస్సీ పేరు పెట్టి ప్రార్థించాడు. కడుపులో బిడ్డను కాపాడమన్నాడు, తల్లినీ బిడ్డనూ వేరు చేసి క్షేమంగా మా చేతుల్లో పెట్టమన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి కాగితం రెండో పేజీకి తిరిగి ఉంది, సంతకం చేయవలసిన చోట వాడి వేలు ఉంది. మసక కళ్లతోనే పెట్టేశాను.

సోమవారం పొద్దున్నే బిల్లింగ్ కౌంటరు దగ్గరికి వెళ్లాను, కూతుర్ని ఏసీలో చూసుకుందామని. ఆర్డరుతో పాటు ఆ రెండు పేజీల నకలు కూడా నిస్సీకి ఇచ్చారు, అందులో దాని పేరూ ఉంది కాబట్టి.

"ఇది నీ సంతకమేనా?"

రెండో పేజీ అప్పుడు చదివాను. తండ్రి దురలవాట్ల వల్ల కలిగిన లోపం కుమార్తెకు వంశపారంపర్యంగా సంక్రమించి ఉండవచ్చును. ఆమె గర్భస్రావాలకు పని చేసే చోటుతో సంబంధం లేదు. సదరు గదిలో మార్పులు అవసరం లేదు. పై విషయాలను నేను అంగీకరించుచున్నాను.

"రెండో పేజీ చదవల్యామ్మా. ప్రార్థన చేస్తాంటే..."

"నెల దినాలు" అంది నిస్సీ. గొంతు పెంచలేదు. "తప్పు నాది కాదని నెల దినాలు నిమ్మళంగా పండుకున్నా నాయనా. మల్లా మన రక్తానిదే తప్పని రాసిచ్చినావు."

"నువ్వు నగుతాండావని చెప్పినా ఆ పొద్దు. నువ్వు నగుతాండావని..."

నా వెనక ఎవరో పేషెంటు మనిషి మందుల చీటీ పట్టుకుని నిలబడ్డాడు. నిస్సీ నా భుజం మీదుగా అతని వైపు చూసింది.

"ఇట్ల ఇయ్యండి" అంది, చెయ్యి చాచి.

ఇప్పుడు దానికి ఐదో నెల. కబుర్లు రెజీనా చెబుతుంది. నాతో అది మాట్లాడలేదు.

ఆ సోమవారం తర్వాత వచ్చిన ఆదివారం చర్చిలో ఎవరూ పిలవకుండానే లేచాను. "నేను చెప్పింది అబద్ధం. నేను బీడీ తాగల్యా, సారా తాగల్యా. నేను ఏ పాపమూ చేయల్యా" అన్నాను. చర్చి గోడలు అదిరేటట్టు నవ్వింది. లేవి అయితే బెంచీ మీద చరిచి మరీ నవ్వాడు. ఇంకా ఏదో అనబోయాను, ఆ నవ్వులో వినబడదని కూర్చున్నాను. జయరాజ్ ఒక్కడే నవ్వలేదు. బైబిలు తెరిచి ఏదో వెతుక్కుంటున్నాడు.

జూలైలో నిస్సీ స్థానంలోకి కొత్త అమ్మాయి వచ్చింది. శివజ్యోతి, బేతంచెర్ల పిల్ల. తండ్రి నాపరాళ్ల పాలిషు ఫ్యాక్టరీలో చేస్తాడు. మేలో పెళ్లయింది, మెడలో పసుపుతాడు ఇంకా రంగు తగ్గలేదు. మామా మామా అంటూ మొదటి రోజే కలిసిపోయింది. నా పేరు వినే వచ్చిందట, నాతో డ్యూటీ అంటే సినిమాకు పోయినట్టేనని కింద చెప్పారట.

యంత్రం ఆగింది. గ్యాస్ వదిలి నాలుగు గంటలయింది. గొట్టాలు పంపమని పై నుంచి అప్పటికే రెండుసార్లు ఫోను. నేను చేతి తొడుగులు వెతుక్కునేలోపు శివజ్యోతి తలుపు లాగి ట్రే చేతికి తీసుకుంది.

"ఏందో తియ్యగా వాసనొస్తాంది మామా. పండు మాగినట్ల."

ఆ గ్యాస్ మామూలుగా ముక్కుకు అందదని మేడం చెప్పింది. వాసన తెలిసిందంటే అప్పటికే హద్దు దాటి చాలా దూరం వచ్చేసినట్టట.

"బయటికి పో పాపా" అన్నాను.

"నాకేమీ కాదులే మామా" అంది నవ్వుతూ. "నీ సంగతి, నిస్సీ అక్క సంగతి కింద అందరూ చెప్పినార్లే. నేనేమన్నా బీడీలు తాగుతానా, మా నాయన తాగుతాడా?"

అని, నేను తిరిగి ఏదో అంటానని కళ్లు పెద్దవి చేసుకుని ఎదురుచూసింది. నా ముందు అందరూ అలాగే నిలబడతారు.

"నేనూ తాగల్యా" అన్నాను.

పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ పిల్ల నా మొహంలోకి చూస్తూ ఇంకాస్త నవ్వి, ఆగి, "నిజంగానా మామా?" అంది.

"నిజంగా. ఒక్కటీ తాగల్యా. నిస్సీ నాయన ఒక్కటీ తాగల్యా."

శివజ్యోతి చేతిలో ట్రే వైపు చూసింది. దాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది. చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని, నా మీంచి చూపు తిప్పకుండా, వెనక్కి వెనక్కి నడుస్తూ తలుపు దాటి వరండాలోకి పోయింది.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి నేను ఎత్తాను.

"పన్నెండు గంటలు పడుతుంది సార్" అన్నాను.